ఎన్‌క్రిప్ట్ అయిన హోమ్ ఫోల్డర్: స్క్రిప్ట్‌తో తెరవాలా, చేత్తో మౌంట్ చేయాలా?

ఉబుంటు (లైనక్స్ రకం ఆపరేటింగ్ సిస్టమ్) ఉన్న పాత ల్యాప్‌టాప్ బూట్ అవడం మానేసింది. డిస్కు తీసి ఇంకో మెషీన్‌కి తగిలిస్తే మీ హోమ్ ఫోల్డర్‌లో ఒక రీడ్‌మీ ఫైలు, ఒక షార్ట్‌కట్ తప్ప ఏమీ కనిపించవు. అప్పుడే టెన్షన్ పడకండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు హోమ్ ఫోల్డర్‌ని ఎన్‌క్రిప్ట్ చేయమని, అంటే తాళం వేసి దాచమని, టిక్కు పెట్టి ఉంటే (ఉబుంటు 18.04 వెర్షన్ నుంచి ఆ టిక్కు తీసేశారు), అసలు ఫైళ్లన్నీ /home కింద, మీ ఫోల్డర్ పక్కనే, చుక్కతో మొదలయ్యే ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్ (ఫైళ్లకు విడివిడిగా తాళం వేసే వ్యవస్థ) ఫోల్డర్‌లో దాగి ఉంటాయి.

తెరవడానికి రెండు దారులు. ఒకటి, లైవ్ యూఎస్‌బీతో (ఇన్‌స్టాల్ చేయకుండానే ఉబుంటు నడిపే పెన్‌డ్రైవ్) బూట్ చేసి, ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్-యుటిల్స్ ప్యాకేజీ వేసుకుని, అందులోని రికవర్-ప్రైవేట్ స్క్రిప్ట్ నడపడం. రెండోది, మౌంట్ పాస్‌ఫ్రేజ్‌ని (ఫైళ్లను తెరిచే అసలు రహస్య పదం) కెర్నల్ కీరింగ్‌లో, అంటే సిస్టమ్ తాళంచెవులు దాచుకునే చోట, మనమే వేసి మౌంట్ చేసుకోవడం, అంటే ఫోల్డర్‌ని చదవడానికి వీలుగా తగిలించుకోవడం.

నా ఓటు ముందు స్క్రిప్ట్‌కే. అది లాగిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, మిగతాది తనే చూసుకుంటుంది. పైగా మామూలుగా రీడ్-ఓన్లీగానే (చదవడానికి మాత్రమే) మౌంట్ చేస్తుంది కాబట్టి పొరపాటున ఏదీ చెరిగిపోదు. దానికి ఫోల్డర్ దారి చెప్పకపోతే డిస్కంతా వెతుకుతూ కూర్చుంటుంది, అందుకే చెప్పేయడం మంచిది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. రికవరీ మోడ్‌లో రూట్‌గా (అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌గా) పాస్‌వర్డ్ మార్చేసి, కొత్తది కొడుతూ పోతారు. మారింది లాగిన్ పాస్‌వర్డ్ ఒక్కటే. అసలు తాళంచెవి, అంటే మౌంట్ పాస్‌ఫ్రేజ్, ర్యాప్డ్-పాస్‌ఫ్రేజ్ అనే ఫైలులో, పాత పాస్‌వర్డ్‌తోనే చుట్టి ఉంటుంది. పాతది గుర్తుంటే అదే కొట్టండి.

చేత్తో మౌంట్ చేయడం ఎప్పుడు? ఆ ఫైలు చెడిపోయి, 32 అక్షరాల మౌంట్ పాస్‌ఫ్రేజ్ మాత్రం మీ దగ్గర ఉన్నప్పుడు కూడా స్క్రిప్టే చాలు, లాగిన్ పాస్‌వర్డ్ తెలియదంటే మౌంట్ పాస్‌ఫ్రేజ్ అడుగుతుంది. స్క్రిప్ట్ మధ్యలో ఎర్రర్ ఇచ్చి ఆగిపోతేనే రెండో దారి పట్టండి. అందులో ఏఈఎస్ (ఎన్‌క్రిప్షన్ పద్ధతి), 16 బైట్ల కీ, ఫైలు పేర్ల ఎన్‌క్రిప్షన్ అన్నీ మనమే సరిగ్గా చెప్పాలి. పేర్ల సంగతి మరిచిపోతే లోపల ఫైళ్ల పేర్లన్నీ గజిబిజిగానే కనిపిస్తాయి.

ఇందులో ఇంకో కిటుకుంది. తప్పు పాస్‌ఫ్రేజ్ ఇచ్చినా మౌంట్ అయినట్టే కనిపించవచ్చు, ఫైళ్లు మాత్రం తెరుచుకోవు. అందుకే పాస్‌ఫ్రేజ్ వేసినప్పుడు వచ్చే సంతకాలను (కీని గుర్తుపట్టే చిన్న కోడ్‌లు) ప్రైవేట్ డాట్ సిగ్ (Private.sig) ఫైలులో ఉన్న రెండు లైన్లతో పోల్చి చూడండి. మొదటిది ఫైళ్ల లోపలి డేటాది, రెండోది పేర్లది. కలిస్తే దారి సరైనదే.

డిస్కు కరకర శబ్దం చేస్తుంటే ఈ రెండూ పక్కన పెట్టి, ముందు డీడీరెస్క్యూతో (చెడిపోతున్న డిస్కుని కాపీ చేసే టూల్) మొత్తం డిస్కు ఇమేజ్, అంటే పూర్తి నకలు, తీసుకుని దాని మీద పని చేయండి. ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్‌లో ప్రతి ఫైలుకీ దాని హెడర్ (తెరవడానికి కావాల్సిన కీ సమాచారం ఉండే మొదటి భాగం) దానిలోనే ఉంటుంది కాబట్టి పది ఫైళ్లు పోయినా మిగతావి దక్కుతాయి. డిస్కు మొత్తాన్ని లాక్ చేసే లక్స్‌లో అలా కాదు, హెడర్ పోయి దాని బ్యాకప్ లేకపోతే ఇక అంతే.

పాత పాస్‌వర్డూ గుర్తులేక, మౌంట్ పాస్‌ఫ్రేజూ దొరకకపోతే ఏ దారీ లేదు. కొత్తగా వేసిన రోజు ఉబుంటు ఒక కిటికీ తెరిచి, ఆ 32 అక్షరాలు రాసుకోమని చెప్పింది. ఆ రోజుల నాటి డైరీ ఏదైనా ఇంట్లో ఉంటే ముందు అది తిరగేయండి.