బెండకాయ పొడి డబ్బా, రైతు బజారు బెండకాయ: మూడు నెలలు వాడి చూశాక

మా అత్తగారికి 68 ఏళ్లు. మధుమేహం బయటపడి 12 ఏళ్లయింది. రోజూ రెండు పూటలా భోజనం తరువాత మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకుంటారు. ఈ వేసవి మొదట్లో మా ఆడపడుచు ఫోనుకు ఒక వీడియో వచ్చింది. పరగడుపున చెంచాడు బెండకాయ పొడిని గోరువెచ్చని నీళ్లలో కలిపి తాగితే మూడు నెలల్లో చక్కెర మామూలు స్థాయికి దిగుతుందని, ఆ తరువాత మాత్రలతో పనే ఉండదని అందులో చెప్పారు. తల్లి మీద ఉన్న ప్రేమకొద్దీ ఆమె ఆ రోజే రెండు డబ్బాలు ఆన్‌లైన్‌లో తెప్పించి మా ఇంటికి పంపింది. ఒక్కో డబ్బాలో 100 గ్రాముల పొడి, వెల 399 రూపాయలు. ఇదే ఆలోచనతో ఇలాంటి డబ్బా కొనబోయేవారికి ఉపయోగపడుతుందని, దానితోపాటు మేము ఆ తరువాత వాడిన పచ్చి బెండకాయ గురించి కూడా మా అనుభవం వివరంగా రాస్తున్నాను.

ముందుగా పొడి సంగతి. డబ్బా తెరవగానే ఎండుగడ్డి వాసన వచ్చింది, రంగు లేత ఆకుపచ్చ. నీళ్లలో కలిపి పది నిమిషాలు ఉంచితే చిక్కబడి జిగురుగా మారింది కాబట్టి అందులో బెండకాయ ఉన్న మాట వాస్తవమే. తాగడం మాత్రం కష్టం. గొంతులో సాగుతూ దిగేది, మూడో రోజు నుంచే మా అత్తగారు ముఖం తిప్పుకునేవారు. మొదటి వారమంతా కడుపు ఉబ్బరంగా ఉందన్నారు. పీచును ఒక్కసారిగా పెంచినప్పుడు, అందులోనూ నీళ్లు చాలినన్ని తాగనప్పుడు ఇలా జరగడం మామూలే. మూడు వారాల పాటు నేను ప్రతి ఉదయం వేలి చుక్క పరీక్ష చేసి నోటు పుస్తకంలో రాసిపెట్టాను. పరగడుపు అంకెలు అంతకు ముందు నెలలో ఎలా ఉన్నాయో ఈ మూడు వారాలూ దాదాపు అలాగే ఉన్నాయి. చెప్పుకోదగ్గ తేడా ఒక్కటీ కనిపించలేదు.

నిజానికి డబ్బా మీద ముద్రించిన అంకెలతో చిన్న లెక్క వేస్తే ఈ ఫలితం ముందే ఊహించవచ్చు. పచ్చి బెండకాయలో 90 శాతం దాకా నీరే ఉంటుంది. అంటే కిలో కాయలు ఎండబెట్టి పొడి కొడితే వచ్చేది సుమారు 100 గ్రాములు. డబ్బా మీద చెప్పిన మోతాదు రోజుకు 3 గ్రాములు. అంటే 30 గ్రాముల పచ్చి కాయ, మన చేతికి వచ్చే లేత బెండకాయలు రెండో మూడో. వాటి నుంచి అందే పీచు సుమారు ఒక గ్రాము. పప్పులో వేసిన మూడు బెండకాయ ముక్కలు 12 ఏళ్ల మధుమేహాన్ని తీసేస్తాయని ఎవరైనా చెబితే మనం నమ్మం. అదే పదార్థం పొడి రూపంలో, మూతపెట్టిన డబ్బాలో వచ్చేసరికి మనకు ఆ కొలత గుర్తుకు రాదు.

రెండో విషయం నన్ను మరింత బాధపెట్టింది. డబ్బా వెనుక, చదవడానికి భూతద్దం కావలసినంత చిన్న అక్షరాలలో, పదార్థాల జాబితాలో బెండకాయ పొడి తరువాత మాల్టోడెక్స్‌ట్రిన్ అని ఉంది. అది పిండి పదార్థం నుంచి తయారుచేసేది. పొడి గడ్డకట్టకుండా, బరువు పెరిగేందుకు కలుపుతారు. శరీరంలో అది చాలా త్వరగా గ్లూకోజుగా మారుతుంది. మోతాదు చిన్నదే కాబట్టి పెద్ద హాని జరిగి ఉండదు, కానీ మధుమేహం ఉన్నవారి కోసమని అమ్మే వస్తువులో దానికి చోటు ఉండకూడదు. అది ఎంత శాతమో జాబితాలో రాయలేదు. ఇక వీడియోలో చెప్పిన మాట విషయానికి వస్తే, 1954 నాటి ఔషధాలు, మాయా చికిత్సల అభ్యంతరకర ప్రకటనల చట్టం కింద నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితాలో మధుమేహం కూడా ఉంది. డబ్బా మీద ఆ మాట లేదు. వీడియోలో మాత్రమే ఉంది. కొనేవారు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

మూడు వారాల తరువాత మామూలు పరీక్షకు వెళ్లినప్పుడు డబ్బాను కూడా తీసుకెళ్లి వైద్యురాలికి చూపించాను. ఆవిడ మొదట అడిగిన ప్రశ్న, మాత్రకూ పొడికీ మధ్య ఎంత ఎడం ఇస్తున్నారని. ఎందుకంటే బెండకాయ జిగురు పేగులో చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గించినట్లే, దానితో కలిపి వేసుకున్న మందును కూడా పట్టి ఉంచే అవకాశం ఉంది. 2011లో బంగ్లాదేశ్ పరిశోధకులు ఎలుకల మీద చేసిన పరిశోధనలో బెండకాయ నుంచి తీసిన నీటిలో కరిగే పదార్థాన్ని మెట్‌ఫార్మిన్‌తో కలిపి ఇచ్చినప్పుడు ఆ మందు శరీరానికి అందడం తగ్గింది. ఎలుకల మీద కనిపించింది మనుషులలోనూ అంతే మోతాదులో జరుగుతుందని చెప్పలేం. అయినా మాత్ర మానేసి పొడి తాగమనే వీడియో ఎంత ప్రమాదకరమో, మాత్రతోపాటే పొడి మింగడం కూడా ఎందుకు మంచిది కాదో ఆ ఒక్క వివరంతో మాకు అర్థమైంది. పొడి ఆపించి, కాయను మాత్రం నిశ్చింతగా వండుకు తినమన్నారు. "కూర కూరగా తినండి, మందు మందుగా వేసుకోండి" అన్నారు. మా అత్తగారికి ఆ మాట ఎంతో నచ్చింది.

ఇక్కడి నుంచి రైతు బజారు కాయ సంగతి. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఈ బజార్లు దళారి లేకుండా రైతే నేరుగా అమ్ముకోవడానికి పెట్టినవి. మా ఇంటికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఒకటి ఉంది. ఉదయం ఆరున్నరకు వెళితే గేటు దగ్గర నల్లబల్ల మీద ఆ రోజు ధరలు రాసి ఉంటాయి. మేము కొన్న రోజుల్లో బెండకాయ కిలో 30 నుంచి 48 రూపాయల మధ్య పలికింది. అంటే 399 రూపాయల డబ్బాలోని పొడికి సరిపడే కాయ మాకు 50 రూపాయల లోపే దొరికింది. బెండ లేతగా ఉన్నప్పుడే కోయాలి కాబట్టి రైతులు రోజు విడిచి రోజు తోటకు వెళతారు. ముందురోజు సాయంత్రం కోసినది తెల్లవారేసరికి బజారుకు వస్తుంది. అలాంటి కాయ కొన విరిస్తే టప్పున విరుగుతుంది. వంగి, విరగకుండా నిలిస్తే అది ముదిరిందని గుర్తు. కొందరు అమ్మేవారు కొన విరవడానికి ఒప్పుకోరు, వారి కష్టం వారిది. అలాంటప్పుడు పొడవు చూసి, వేలంత కాయలు, నూగు చెదరనివి ఏరుకుంటే చాలు.

ఈ బజారులో నాకు నచ్చనిది ఒకటుంది. తొమ్మిది దాటాక మిగిలిన సరుకు మీద పదేపదే నీళ్లు చల్లుతారు. చూడడానికి తాజాగా ఉంటుంది గానీ తడి తగిలిన బెండకాయ మరుసటి రోజుకే నల్లబడి జారుడుగా మారుతుంది. రెండుసార్లు ఆలస్యంగా వెళ్లి, అలా నష్టపోయి, ఇక పొద్దున్నే వెళ్లడం అలవాటు చేసుకున్నాను. తెచ్చాక కడగకుండా గుడ్డ సంచిలో ఉంచితే ఫ్రిజ్‌లో మూడు రోజులు బాగా ఉంటాయి. ఇంకో సంగతి పురుగుమందుల గురించి. కాయ తొలిచే పురుగు, పల్లాకు తెగులును వ్యాపింపజేసే తెల్లదోమ ఈ పంటను విపరీతంగా పీడిస్తాయి, అందుచేత రైతులు తరచుగా మందు కొడతారు. కోతకు కోతకు మధ్య ఎడం తక్కువ కాబట్టి ఆ అవశేషాలు కాయ మీద మిగిలే వీలుంటుంది. వండే ముందు ధారగా పడే నీళ్ల కింద ఒక్కొక్క కాయనూ చేత్తో రుద్ది కడిగి, గుడ్డతో పూర్తిగా తుడిచి, ఆ తరువాతే తరగాలి. తరిగాక కడిగితే జిగురంతా నీళ్లపాలవుతుంది.

ఆ జిగురు గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలని ఉంది, ఎందుకంటే ఈ కాయ విలువంతా చాలావరకు అందులోనే ఉంది, మనం మన వంటింట్లో ముందు వదిలించుకోవాలని చూసేదీ దాన్నే. అది నీటిలో కరిగే పీచు. కడుపులోని ఆహారాన్ని చిక్కబరిచి, చక్కెర రక్తంలో కలవడాన్ని నెమ్మదింపజేస్తుంది. పిత్త ఆమ్లాలను పట్టుకుని బయటికి పంపడం వల్ల కొలెస్ట్రాల్ తగ్గడానికీ కొంత తోడ్పడుతుంది. మలబద్ధకం ఉన్నవారికి మేలు చేస్తుంది. 100 గ్రాముల పచ్చి బెండకాయలో 3 గ్రాముల పైన పీచు, సుమారు 30 కిలో క్యాలరీల శక్తి, 20 మిల్లీగ్రాముల పైన సి విటమిను, 80 మిల్లీగ్రాముల దాకా కాల్షియం, 60 మైక్రోగ్రాముల ఫోలేటు అనే బి విటమిను ఉంటాయి. ఫోలేటు గర్భిణులకు ఎంత అవసరమో తెలిసిందే. మంచి కూరగాయ అనిపించుకోవడానికి ఇవి చాలు, దీన్ని మందు అనవలసిన అవసరం లేదు. మనుషుల మీద జరిగిన పరీక్షల్లో చక్కెర కొంత తగ్గినట్లు కనిపించినవి ఉన్నా, అవి తక్కువమందితో, కొద్ది వారాల పాటు జరిగినవి; వాటిని చూపించి మాత్రలు మానమని చెప్పడం తప్పు. బెండకాయ తింటే లెక్కలు బాగా వస్తాయని మా అమ్మమ్మ నాకు చెప్పి తినిపించింది, నేను మా పిల్లలకు చెప్పాను. దానికి ఆధారం లేదని తెలిసినా ఆ మాట మీద నాకు గౌరవమే, ఎందుకంటే దానివల్ల మా ఇంట్లో మూడు తరాల పిల్లలు ఈ కూరను వద్దనకుండా తిన్నారు.

వండే తీరును బట్టి ఈ మేలు నిలవడమో పోవడమో జరుగుతుంది. పావుకిలో బెండకాయలో ఉన్న శక్తి 80 కిలో క్యాలరీలైతే, కరకరలాడే వేపుడు కోసం పోసే నాలుగు పెద్ద చెంచాల నూనెలో 480 దాకా ఉంటుంది. పెళ్లిళ్లలో జీడిపప్పు వేసి దోరగా దేవిన బెండకాయ ఎంత రుచిగా ఉన్నా, అందులో మనం తినేది ముఖ్యంగా నూనెనే. మా ఇంట్లో ఇప్పుడు వారంలో మూడు రోజులు బెండకాయ ఉంటోంది. ఒకరోజు పులుసు, చింతపండు పులుపుకు జిగురు సాగడం తగ్గుతుంది, కానీ పీచు పులుసులోనే ఉంటుంది, దాన్ని పారబోయము కాబట్టి ఏమీ పోదు. ఇంకోరోజు మజ్జిగ పులుసు. మూడో రోజు ఇనుప మూకుడులో రెండు చెంచాల నూనెతో, మూత పెట్టకుండా, సన్నటి సెగ మీద వేపుడు. ఉప్పు చివర వేస్తే ముక్క ముద్దవదు. మూత పెడితే ఆవిరి నీరై జిగురు సాగుతుంది, ఇది మా అత్తగారు నాకు కొత్త కాపురంలో నేర్పిన సంగతి. రాత్రి కాయలు నానబెట్టిన నీళ్లు తాగే పద్ధతినీ కొందరు సూచించారు. అందులోకి దిగే జిగురు కొద్దిగానే, మిగతా కాయను పారేయడం నాకు మనసొప్పలేదు, అందుకని ప్రయత్నించలేదు.

ఇలా రెండు నెలలకు పైగా గడిచాక నోటు పుస్తకం చూస్తే, బెండకాయ పులుసు తిన్న రోజుల్లో మధ్యాహ్న భోజనానంతర అంకెలు బంగాళాదుంప వేపుడు తిన్న రోజుల కంటే తక్కువగా ఉన్నాయి. అయితే ఆ రోజుల్లో అన్నం ఒక గరిటె తగ్గించి కూర రెండింతలు వడ్డించాను, దుంప కూడా లేదు. కాబట్టి ఈ తగ్గుదలనంతా బెండకాయ ఖాతాలో వేయడం నిజాయితీ కాదు. అన్నం స్థానంలో కూరకు చోటివ్వడానికి ఈ కాయ వీలుగా ఉంది, మా అత్తగారు ఇష్టంగా తింటున్నారు, ఉబ్బరం లేదు, విరేచనం సాఫీగా అవుతోంది. నేను సంతోషంగా చెప్పగలిగింది ఇంతవరకే.

అందరికీ ఒకేలా సరిపడుతుందని కూడా అనుకోవద్దు. బెండకాయలో ఆక్సలేట్లు ఉంటాయి, మూత్రపిండాల్లో రాళ్లు వచ్చినవారు ఎంత తినాలో వైద్యుణ్ని అడగాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మాత్రలు వాడేవారికి ఇందులోని, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కె విటమిను లెక్కలోకి వస్తుంది; ఒకవారం అసలు తినకుండా మరోవారం రోజూ తినడం వారికి మంచిది కాదు. మూత్రపిండాల పనితీరు తగ్గి పొటాషియం తగ్గించమన్నవారు 100 గ్రాములకు సుమారు 300 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుందని గుర్తుంచుకోవాలి.

పొడి డబ్బాకు ఐదింట ఒక నక్షత్రం ఇస్తున్నాను, అదీ అందులో బెండకాయ ఉన్నందుకే. రైతు బజారు కాయకు నాలుగు. నీళ్లు చల్లడం మానితే ఐదూ ఇచ్చేదాన్ని. మాల్టోడెక్స్‌ట్రిన్ ఎంత శాతమని అడుగుతూ అమ్మినవారికి రెండుసార్లు ఉత్తరం రాశాను, జవాబు రాలేదు. తెరవని రెండో డబ్బాను మా ఆడపడుచు తిప్పి పంపింది. డబ్బులు పదకొండు రోజులకు ఆమె ఖాతాలో పడ్డాయి. మొన్న ఆదివారం ఆమె మా ఇంటికి వచ్చినప్పుడు వాళ్లమ్మ పక్కన కూర్చుని పులుసుకు ముక్కలు తరిగింది.