మాథ్యూ కేరీ ఆత్మకథ అని ఆన్‌లైన్‌లో కొనేముందు ఒక్క నిమిషం ఆగండి

పాత అమెరికా గురించి, అక్కడికి వలస వెళ్లినవాళ్ల గురించి చదివే పిచ్చి ఉన్నవాళ్లకే ఈ పోస్టు. "మాథ్యూ కేరీ ఆత్మకథ, సంపూర్ణం, బొమ్మలతో, హార్డ్ బౌండ్" అని ఒక అమ్మకందారు పెట్టిన పుస్తకం 1,450 రూపాయలు పోసి తెప్పించుకున్నాను. నిండా మునిగాను. మీరు మునగకండి.

ముందు ఈ కేరీ ఎవరో చెప్పాలి, లేకపోతే నా కడుపుమంట మీకు అర్థం కాదు. 1760లో డబ్లిన్‌లో ఒక రొట్టెల వ్యాపారి కొడుకుగా పుట్టాడు. పసితనంలో ఆయా చేతిలోంచి జారిపడి జీవితాంతం కుంటాడు. ప్రభుత్వాన్ని ఏకిపారేస్తూ పత్రిక నడిపి జైలుకెళ్లి, బయటికొచ్చాక మళ్లీ పట్టుకుంటారన్న భయంతో 1784లో ఆడవేషం వేసుకుని ఓడెక్కేశాడు. ఆ నవంబరులో ఫిలడెల్ఫియాలో దిగేసరికి వయసు 24, జేబులో డజను గినీల (అప్పటి ఇంగ్లిష్ బంగారు నాణేలు) దాకా ఉన్నాయి, ఊళ్లో తెలిసినవాడు ఒక్కడు లేడు. అంతకుముందు పారిస్‌లో పరిచయమైన లాఫాయెట్, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన ఫ్రెంచ్ సేనాని, అప్పుడు అమెరికాలోనే ఉన్నాడు. ఈ కుర్రాడు వచ్చాడని తెలిసి పిలిపించుకుని మాట్లాడి, తర్వాత కాగితం ముక్క కూడా రాయించుకోకుండా 400 డాలర్లు పంపించాడు. పత్రిక పెట్టుకోమని.

ఆ డబ్బుతో కేరీ చేసిన మొదటి పని వేలంలో పాత అచ్చుయంత్రం కొనడం. రాబర్ట్ బెల్ అనే ముద్రాపకుడు చనిపోతే ఆయన సామాను వేలం వేశారు. కొత్తవాడెవడో పత్రిక పెడతాడని కడుపు మండిన ఆస్వాల్డ్ అనే ఇంకో పత్రికాధిపతి అదే వేలానికి వచ్చి పాట పెంచుకుంటూ పోయాడు. చివరికి ఆ పాతదానికి దాదాపు కొత్తదాని ధర, 50 పౌండ్లు, అంటే చేతిలో ఉన్న డబ్బులో మూడో వంతు వదిలింది. అమెరికాలో మొదటి కొనుగోలులోనే బోల్తా కొట్టిన మనిషి కథ కొని నేనూ బోల్తా కొట్టాను, అదీ సంగతి.

ఇక వచ్చిన సరుకు. హార్డ్ బౌండ్ అన్నది పల్చటి అట్ట, ఎండలో పెట్టిన అప్పడంలా అంచులు లేచి ఉంది. బొమ్మలు సున్నా. మొదటి పేజీలోనే చిన్న అక్షరాల్లో "పాత ప్రతి కాబట్టి లోపాలుంటే మన్నించండి" అని ఉంది. చివరి పేజీలో అచ్చయిన తేదీ చూస్తే నేను ఆర్డర్ పెట్టిన మర్నాడు! అంటే వీళ్ల దగ్గర పుస్తకమే లేదు. మన డబ్బు పడ్డాక ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఫైలు దించుకుని, ప్రింట్ కొట్టి, అట్ట అంటించి పంపిస్తున్నారు.

అంతవరకూ క్షమించేవాణ్ణి. కేరీకీ ఆస్వాల్డ్‌కీ పత్రికల్లో తిట్ల యుద్ధం ముదిరి 1786 జనవరిలో పిస్తోళ్లతో ద్వంద్వయుద్ధం దాకా వెళ్తుంది. నేను అన్నం పక్కన పెట్టి చదువుతున్నా. ఎదురెదురుగా నిలబడ్డారు... పేజీ తిప్పితే వాక్యం మధ్యలో కథ ఆగిపోయింది! అవతలి పేజీలో 1793లో ఫిలడెల్ఫియాని ఊపేసిన ఎల్లో ఫీవర్ అనే ప్రాణాంతక జ్వరం గురించి కేరీ విడిగా రాసిన పుస్తకం మొదలైంది. మధ్యలో ఏడేళ్లు గాలికి పోయాయి. ఆస్వాల్డ్ గుండు కేరీ తొడలో దిగిందనీ, కోలుకోవడానికి ఏడాదికి పైనే పట్టిందనీ నేను వేరే చోట చదివి తెలుసుకోవాల్సి వచ్చింది.

ఆ ఎల్లో ఫీవర్ భాగం కోసమే అసలు నేను కొన్నది. లాక్‌డౌన్ రోజుల్లో దాని గురించి ఎక్కడో చదివినప్పట్నుంచీ మనసులో ఉంది. అప్పుడు దేశ రాజధాని ఫిలడెల్ఫియానే, ఆగస్టు నుంచి నవంబరు లోపు దాదాపు 5,000 మంది పోయారు. జనం చేతులు కలపడం మానేశారట, చెయ్యి చాస్తేనే జడుసుకుని వెనక్కి తగ్గేవాళ్లట. వెనిగర్‌లో తడిపిన గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుని, వెల్లుల్లి నములుతూ, కొందరైతే చెప్పుల్లో కూడా పెట్టుకుని తిరిగారట. 2020లో మన కషాయాల గ్రూపులు గుర్తొచ్చి నవ్వొచ్చింది.

కానీ ఈ ప్రతిలో అది చదవడం నరకం. ఆ కాలపు అచ్చులో ఎస్ అక్షరాన్ని చాలా చోట్ల పొడుగ్గా, చూడటానికి ఎఫ్ లాగా వేసేవారు. కంప్యూటర్ దాన్ని ఎఫ్ అనే చదివేసింది, తర్వాత మనిషన్నవాడు ఎవడూ చూడలేదు. 'సిక్' కాస్తా 'ఫిక్', 'సోల్' కాస్తా 'ఫౌల్'. పుస్తకం చివర చనిపోయినవాళ్ల పేర్ల జాబితా ఉంటుంది, కేరీ అంత శ్రమపడి వేసింది. అది రెండు వరుసలూ కలిసిపోయి ఒకరి పేరుకి ఇంకొకరి ఇంటిపేరు అతుక్కుని కలగాపులగం అయింది. అది చూస్తే మాత్రం నవ్వు రాలేదు.

నా తప్పూ ఉంది, ఒప్పుకుంటా. అట్ట మీద స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ బొమ్మ ఉంది, అది న్యూయార్క్‌లో నిలబడింది 1886లో. కేరీ పోయింది 1839లో. వివరణలో "ఐర్లండ్ మహా కరువు నుంచి పారిపోయి వచ్చిన వ్యక్తి" అని రాశారు, ఆ కరువు మొదలైందే 1845లో. అప్పుడే అనుమానం రావాలి, ఆఫర్ చూసి నొక్కేశాను. ఇలాంటి పుస్తకం కనిపిస్తే ప్రచురణకర్త పేరుందా, సంపాదకుడున్నాడా, లోపలి పేజీల ఫొటో పెట్టారా చూడండి. ఫొటో అడిగితే దాటేస్తే వదిలేయండి.

నిజానికి కొనక్కర్లేదు కూడా. కేరీ తన కథని 1833-34లో ఒక మాసపత్రికలో ఉత్తరాలుగా రాశాడు. ఆ సంచికల స్కాన్లు, ఎల్లో ఫీవర్ పుస్తకం స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా ఉన్నాయి. అసలు పేజీ బొమ్మే కనిపిస్తుంది కాబట్టి ఫిక్కులూ ఫౌళ్లూ ఉండవు. చదివేవాళ్లు ఆ ఊరి నల్లజాతి మతనాయకులు అబ్సలమ్ జోన్స్, రిచర్డ్ ఆలెన్ 1794లో రాసిన జవాబు కూడా పక్కన పెట్టుకోండి. రోగులకు సేవ చేసిన నల్లవాళ్లలో కొందరు డబ్బులు గుంజారని కేరీ రాస్తే, ప్రాణాలకు తెగించి శవాలు మోసింది మేము, మధ్యలో ఊరొదిలి వెళ్లింది మీరు అని లెక్కలతో సహా కడిగేశారు. కేరీ మీద ఉన్న అభిమానం నాకు అక్కడ కొంచెం తగ్గింది.

రిటర్న్ పెడితే "ఆర్డర్ మీద అచ్చువేసినది, వాపసు లేదు" అన్నారు. పేజీలు లేవని ఫొటోలు పంపితే 200 రూపాయల కూపన్ ఇస్తామన్నారు, మళ్లీ వాళ్ల దగ్గరే కొనాలట! వద్దన్నాను. 1915కి ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించాను, నంబరు వచ్చింది. ఇది రాసే సమయానికి అటునుంచి ఇంకా ఫోన్ రాలేదు. ఏమైనా కదిలితే ఇక్కడే చెప్తాను.