అంచున పేరున్న వెండి పతకమా, బర్మా స్టారా?

పాత యుద్ధ పతకాలు సేకరించాలనుకునేవాళ్లకు తరచూ ఎదురయ్యే రెండు ఇవి: మొదటి ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ వార్ మెడల్, రెండో ప్రపంచ యుద్ధానికి చెందిన బర్మా స్టార్.

విలువ: వార్ మెడల్ వెండిది కాబట్టి కనీసం లోహం ధరైనా వస్తుంది. కానీ అసలు విలువంతా అంచు మీదే. సైనికుడి నంబరు, హోదా, పేరు, దళం అక్కడ గుద్ది ఉంటాయి. భారతీయ కూలీ దళాల వంటివాటికి ఇచ్చిన కంచు రకం ఇంకా అరుదు, రంగు చూసి పక్కన పడేయకండి. బర్మా స్టార్ రాగి, జింకుల మిశ్రమం. బ్రిటిష్ సైన్యానికి పేరు లేకుండానే ఇచ్చారు. భారత సైనికులవాటి వెనుక సాధారణంగా పేరుంటుంది.

పరీక్ష: వార్ మెడల్ వ్యాసం 36 మిల్లీమీటర్లు. పాత పేరు అరగదీసి కొత్తది కొడితే ఆ కొలత తగ్గుతుంది. కాలిపర్‌తో రెండు మూడు చోట్ల కొలవండి, భూతద్దంలో అంచంతా తిప్పి గీతలు వెతకండి. పేరులేని స్టార్‌కి ఈ ఆధారం లేదు. పోతపోసిన నకిలీల్లో కిరీటం గీతలు మొద్దుబారి, చిన్న చిన్న గుంటలు కనిపిస్తాయి.

రిస్క్: స్టార్‌దే ఎక్కువ. రిబ్బన్ చూసి నమ్మొద్దు, కొత్తది విడిగా దొరుకుతుంది.

ఏది కొన్నా దయచేసి చింతపండుతో తోమకండి.

మనిషి చరిత్ర వెతకాలనుంటే వార్ మెడల్ తీసుకోండి. తాతగారి బర్మా పతకాల వరసలో ఒకటి పోయి ఉంటే స్టార్ కొనండి, అప్పుడు పేరు లేకపోయినా ఫర్వాలేదు.