సుబ్బారావు గారి గురించి రాయాలంటే ఏ ఆధారం మేలు: పత్రికా వ్యాసమా, జర్నల్ పేపరా, జీవితచరిత్రా?

కణాలకు శక్తినందించే ఏటీపీ అనే పదార్థాన్ని, టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌ను కనిపెట్టింది మన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావేనని తెలుగు పత్రికల్లో తరచూ చదువుతుంటాం. అలాంటి వ్యాసాన్నే ఆధారంగా చూపి సెమినార్ పేపర్ రాసేస్తే నాకు బాధగా ఉంటుంది. ఆయన గొప్పతనానికి అంతకంటే గట్టి సాక్ష్యాలున్నాయి. పత్రికా వ్యాసం ఆసక్తి పుట్టిస్తుంది, దాని పని అంతవరకే.

ఏటీపీ సంగతే చూడండి. పాఠ్యపుస్తకం తెరిస్తే చాలాసార్లు జర్మనీకి చెందిన కార్ల్ లోమన్ పేరొక్కటే కనిపిస్తుంది. మన పత్రికల్లో సుబ్బారావు గారి పేరొక్కటే. శాస్త్రవేత్తలు స్వయంగా రాసిన అసలు జర్నల్ పేపర్లు తీస్తే చిక్కు విడిపోతుంది: 1929లోనే జర్మనీలో లోమన్, అమెరికాలోని హార్వర్డ్‌లో ఫిస్కే, సుబ్బారావుల జంట ఎవరికి వారుగా ప్రకటించారు. ఎవరు, ఎప్పుడు, ఏ ప్రయోగంతో అన్న ప్రశ్నలకు జర్నల్ పేపర్‌ను మించింది లేదు. ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతికి పాఠ్యపుస్తకం రెండు లైన్లు ఇస్తే, 1925 నాటి పేపర్‌లో ఆ పద్ధతి మొత్తం దొరుకుతుంది.

పాత పేపర్లు వెతకడం టెన్షన్‌గా అనిపిస్తే ముందు ఒక రివ్యూ ఆర్టికల్ (ఒక విషయం మీద వచ్చిన పేపర్లను సమీక్షించే వ్యాసం) చదవండి. ఏ పేపర్ చూడాలో అది చెబుతుంది. కానీ ఉటంకించేది మాత్రం మీరు స్వయంగా చదివిన మూలాన్నే.

అయితే పేపర్ కూడా అన్నీ చెప్పదు. పిల్లల లుకేమియాను (రక్త క్యాన్సర్‌ను) అమినోప్టెరిన్ అనే మందు తాత్కాలికంగా తగ్గించిందని 1948లో అమెరికా వైద్యుడు ఫార్బర్ బృందం ప్రకటించిన పేపర్‌కు ఐదుగురు రచయితలు. వారిలో సుబ్బారావు లేరు. మొదటి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్ గురించి అదే ఏడాది ప్రకటించింది బెంజమిన్ డగ్గర్. పేపర్ల మీది పేర్లే చూస్తే మనవాడు మాయమైపోతాడు! ఆ మందులు వచ్చిన లెడర్లీ అనే అమెరికా మందుల కంపెనీలో పరిశోధనలను నడిపించింది ఆయనేనని తెలియాలంటే జీవితచరిత్ర, ఉత్తరాలు చదవాల్సిందే. జీవితచరిత్రకారులకు తమ కథానాయకుడి మీద ప్రేమ ఎక్కువ కాబట్టి, వాళ్లు చెప్పిన ప్రతి ఆవిష్కరణనూ, తేదీనీ పేపర్‌తో సరిచూసుకోవాలి.

నన్నడిగితే మొదటి చోటు జర్నల్ పేపర్‌దే, పక్కనే జీవితచరిత్ర. ఆరియోమైసిన్ గురించి నేనైతే ఇలా రాస్తాను: “దాన్ని వేరుచేసింది డగ్గర్, అప్పుడు అక్కడ పరిశోధన డైరెక్టర్ సుబ్బారావు.” మొదటి సగానికి పేపర్‌ను, రెండో సగానికి జీవితచరిత్రను చూపిస్తాను.