కర్నూలులో కొన్న కూలర్‌తో బెజవాడలో మూడు వేసవులు

మా ఇంటి కూలర్‌కూ మా పెద్దమ్మాయికీ వయసులో నాలుగు నెలలే తేడా. అమ్మాయి 2018 నవంబరులో పుట్టింది. మరుసటి మార్చి నెలాఖరుకే కర్నూలులో మాడు పగిలే ఎండలు మొదలయ్యాయి. ఏసీ కొనే స్తోమత అప్పట్లో లేదు. పేరున్న కంపెనీదే, 55 లీటర్ల తొట్టి ఉన్న పెద్ద కూలర్‌ను తొమ్మిదిన్నర వేలు పెట్టి తెచ్చుకున్నాం. 2023లో మావారికి బదిలీ అయి విజయవాడ వచ్చేటప్పుడు లారీలోకి బీరువా తర్వాత ఎక్కింది ఇదే. కర్నూలులో నాలుగు, ఇక్కడ మూడు, మొత్తం ఏడు వేసవులు దీని గాలి కింద గడిపాం. ఈలోగా మా వాడు పుట్టాడు, 2024 డిసెంబరులో చిన్నది పుట్టింది. కొన్న వారానికే అయిదు నక్షత్రాలు ఇచ్చిన వాళ్ల మాటలు నమ్మి నేను ఇదివరకు మిక్సీ విషయంలో మోసపోయాను. అందుకే ఈ కూలర్ సమీక్ష కాస్త ఆలస్యంగా రాస్తున్నాను.

కర్నూలులో మాది రెండో అంతస్తు. కింద బేతంచర్ల నాపరాళ్లు, పైన రోజంతా ఎండకు కాగిన స్లాబు. రాత్రి పది దాటాక గోడకు చెయ్యి ఆనిస్తే జ్వరం వచ్చిన ఒంటిని తాకినట్టు ఉండేది. కొత్తలో మేం కూలర్‌ను గది మూలన పెట్టి, చల్లదనం బయటికి పోకూడదని కిటికీలన్నీ బిగించేవాళ్లం. మొదటి గంట హాయిగా ఉండేది. రెండో గంటకు దుప్పటి చెమ్మగిల్లేది, పిల్ల మెడ మడతల్లో చెమట నిలిచేది. యంత్రమే చెడ్డదనుకుని, కూలర్లు బాగుచేసే పెద్దాయనను పిలిపించాం. ఆయన దాని మూత కూడా తీయలేదు. రెండు కిటికీల రెక్కలు బార్లా తెరిచి, కూలర్‌ను ఒక కిటికీకి ఆనించి, వీపు బయటికి ఉండేలా తిప్పారు. “దీనికి ఊపిరాడాలి కదమ్మా” అని వంద రూపాయలు తీసుకుని వెళ్లిపోయారు. ఈ ఏడేళ్లలో దీని మీద పెట్టిన ఖర్చులన్నింటిలోనూ ఆ వందే సార్థకం.

ఆయన చెప్పిన దాంట్లో కిటుకేమీ లేదు. నీళ్లు ఆవిరి కావడానికి వేడి కావాలి, ఆ వేడిని గాలిలోంచే లాక్కుంటాయి, గాలి చల్లబడుతుంది. కుండలో నీళ్లు చల్లబడేదీ ఇలాగే. గాలి ఎంత పొడిగా ఉంటే పని అంత బాగా జరుగుతుంది. కిటికీలు మూస్తే అదే తడి గాలి, కూలర్‌లో నీళ్లతో తడిసే ప్యాడ్ల గుండా మళ్లీ మళ్లీ తిరుగుతుంది, ఇక ఆవిరయ్యేందుకు చోటు ఎక్కడ? బయటి పొడి గాలి ఒక వైపు నుంచి రావాలి, గదిలోని తడి గాలి మరో వైపు నుంచి పోవాలి. అలా పెట్టాక, బయట 41 డిగ్రీలున్న మధ్యాహ్నం మా గోడ మీది ఉష్ణమాపిని 31 చూపించేది. పిల్ల మూడు గంటలు కదలకుండా నిద్రపోయేది. అలాంటి రోజున తొట్టి మూడుసార్లు నింపాల్సి వచ్చేది. బోరు నీళ్లు బకెట్లతో మోసి పోయడం మావారి ఉదయపు వ్యాయామం. కర్నూలు వరకే రాయాల్సి వస్తే కళ్లు మూసుకుని కొనేయమని ఇక్కడే ముగించేదాన్ని.

విజయవాడలో కథ మారింది. ఇక్కడి ఎండ కర్నూలు ఎండకు తీసిపోదు, పైగా కొండరాళ్ల సెగ ఉంది. అయితే మచిలీపట్నం సముద్రం డెబ్బై కిలోమీటర్ల దూరంలోనే ఉంది. పడమటి గాలి వీచే రోజున మధ్యాహ్నం నిప్పులు చెరుగుతుంది, కానీ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ కర్నూలులో లాగే పనిచేస్తుంది. సాయంత్రం గాలి సముద్రం వైపు నుంచి తిరిగిందంటే ఇక అంతే. బయట 34, లోపల 33, ఒళ్లంతా జిగట. మొదటి ఏడాది ఇది అర్థం కాక ప్యాడ్లు మార్చాను, 1,100 రూపాయలు దండగ. ఆ ఏడాదే మా వాడికి మెడ, వీపు, చంకల నిండా చెమటకాయలు పేలాయి. వేడికి వచ్చాయనుకుని కూలర్‌ను ఇంకాస్త దగ్గరికి జరిపాను. ఉక్కలో చెమట ఆరక వస్తున్నాయని, ఆ తడి గాలి వాటిని పెంచుతోందని పిల్లల డాక్టరు చెబితే గానీ తెలియలేదు. పౌడరు కూడా మానిపించారు. పూటకోసారి చల్లని నీళ్లతో ఒళ్లు తుడిచి, పలచని నూలు చొక్కా వేసి, ఫ్యాను కింద ఉంచితే వారంలో మాడిపోయాయి.

ఇప్పుడు ఏ రోజు కూలర్ వేయాలో చెప్పేది ఉష్ణమాపిని కాదు, దండెం. ఇది నేను కనిపెట్టిందేనని కాస్త గర్వంగానే చెప్పుకుంటాను. చిన్నదానికి పగలంతా పాత పంచెలు చింపిన గుడ్డలే కడతాం. ఉతికి వరండాలో నీడన ఆరేస్తాం. ముప్పావు గంటకల్లా అవి ఆరి పెళపెళలాడితే కూలర్ నిశ్చింతగా వేయొచ్చు. గంటన్నర తర్వాత పట్టుకున్నా చేతికి చల్లగా తగిలితే, ప్యాడ్ల మీదికి నీళ్లు ఎక్కించే పంపు కట్టేసి గాలి ఒక్కటే వదులుతాను. మోటారు చప్పుడు అదే, గాలి అదే, తడి మాత్రం ఉండదు. మే నెలలో పదింటి నుంచి నాలుగింటి దాకా పంపుతోను, ఆ తర్వాత పంపు లేకుండాను, ఇదీ మా లెక్క. రాత్రుళ్లు పంపు వేసే రోజులు నెలకు నాలుగైదు కూడా ఉండవు. పడకగదిలో గత ఏడాది ఏసీ పెట్టించాం. చిన్నది పుట్టాక రాత్రి పూట 27 డిగ్రీల దగ్గర పెట్టుకుంటున్నాం. కూలర్ 190 వాట్లది, పగలు పది గంటలు తిరిగినా రెండు యూనిట్లు దాటదు. ఏసీకి కరెంటు దీనికి ఎన్నో రెట్లు. బిల్లు వచ్చిన రోజున ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు.

పసిబిడ్డ ఉన్న ఇంట్లో కూలర్ గాలి నేరుగా తగలకూడదు. మా చీర ఉయ్యాల కూలర్‌కు ఎదురుగా కాకుండా పక్క గోడ దగ్గర వేలాడుతుంది. గాలి ఎదుటి గోడను తాకి, చుట్టుతిరిగి ఉయ్యాల దగ్గరికి వచ్చేసరికి మెత్తబడుతుంది. పిల్ల కాళ్లూ చేతులూ చల్లగా ఉన్నాయని కంగారుపడకుండా పొట్ట, వీపు ముట్టుకుని చూస్తాను. మా అత్తయ్యగారికి మాత్రం ఈ గాలి మీద మొదటి నుంచీ అనుమానమే. “గాలికి దాని గొంతు తడారిపోతోందే, ఉగ్గుగిన్నెతో రెండు చుక్కల నీళ్లు పట్టనీ” అని ఏప్రిల్ అంతా నా వెంటపడ్డారు. ఆరు నెలలు నిండేదాకా ఎంత ఎండాకాలమైనా తల్లిపాలు తప్ప నీళ్లు కూడా వద్దన్నది డాక్టర్ల మాట. అత్తయ్యగారితో వాదించలేదు. పిల్లకు గంటకోసారి పాలు పట్టి, ఆ చెంబు నీళ్లు నేను తాగాను. ఆవిడా శాంతించారు.

పెద్ద పిల్లలిద్దరికీ కూలర్ ఒక ఆటవస్తువు. దాని ముందు మూతులు ఆనించి “ఆఆఆ” అని అరవడం, ఆ గొంతు వణికి ముక్కలై తిరిగి వస్తుంటే పడీపడీ నవ్వడం. వేసవి సెలవుల్లో రోజుకు ఇరవైసార్లు వినాలి. తొట్టిలో నీళ్లు పోసే మూతలోంచి మా వాడు ఇప్పటిదాకా వేసినవి: రెండు క్రేయాన్లు, ఒక ఈతపండు గింజ, బొమ్మ బూటు. బూటు పంపు నోటికి అడ్డంపడి పంపు కాలిపోయింది. కొత్త పంపు 280 రూపాయలు, మావారే బిగించారు. ముందు జాలీ సందుల్లోంచి పిల్లల వేళ్లు దూరవు, అందుకు కంపెనీకి పూర్తి మార్కులు. అయితే కూలర్ ఒళ్లంతా ప్లాస్టికే కదా, కరెంటు రాదని ధీమా పడకూడదు. నీళ్లు పోసేముందు ప్లగ్గు పీకడం మా ఇంట్లో చట్టం. స్విచ్ కట్టేయడం చాలదు. ఎర్తు లేని పాత ఇంట్లో, కింద నీళ్లు ఒలికిన నేల మీద పాకే పిల్ల ఉన్నప్పుడు ఈ విషయంలో నేను ఎవరి మాటా వినను.

ఇక మరమ్మతుల సంగతి. గాలిని అటూ ఇటూ తిప్పే చిన్న మోటారు రెండో ఏడాది మొదట్లో, ఏడాది గ్యారంటీ ముగిసిన ఇరవై రోజులకు పోయింది. కంపెనీ వాళ్లకు నాలుగుసార్లు ఫోన్ చేస్తే నాలుగుసార్లూ రేపు వస్తామన్నారు. ఇప్పటికీ ఆ రేపు రాలేదు. రెక్కలను చేత్తో ఒక కోణంలో పెట్టి వదిలేశాం, అయిదేళ్లుగా అలాగే ఉన్నాయి. కింది చక్రాల్లో ఒకటి లారీ ప్రయాణంలో విరిగింది. నీళ్లు వదిలే కన్నానికి ఉండే రబ్బరు బిరడా మూడుసార్లు పోయింది, మూడుసార్లూ కొన్నాం. పెద్ద మోటారు మాత్రం ఏడేళ్లలో ఒక్కసారి కూడా మొరాయించలేదు.

కర్నూలు బోరు నీళ్లకు ప్యాడ్ల మీద తెల్లటి సున్నపు పొర రాయిలా పేరుకునేది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, మెత్తని బ్రష్షుతో తోమితే సగం పోయేది. ఇక్కడ ఆ బాధ తక్కువ, వాసన ఎక్కువ. నాలుగు రోజులు నీళ్లు మార్చకపోతే గదంతా చేపల బుట్ట వాసన. అంతకన్నా భయం వేరే ఉంది. 2023 జూన్‌లో ఆరోగ్య శాఖ నుంచి ఇద్దరు అమ్మాయిలు ఇల్లిల్లూ చూస్తూ మా ఇంటికి వచ్చారు. కూలర్ వాడటం మానేసి అప్పటికి పది రోజులు, తొట్టిలో అడుగున బెత్తెడు నీళ్లు ఉండిపోయాయి. వాళ్లలో ఒకమ్మాయి టార్చి వేసి నన్ను వంగి చూడమంది. సన్నని దారపు ముక్కల్లాంటివి, తలకిందులుగా వేలాడుతూ, వెలుగు పడగానే మెలికలు తిరుగుతూ అడుగుకు దిగాయి. డెంగీ దోమ లార్వాలు ఇలాంటి మంచినీళ్లలోనే పెరిగి, వారం పది రోజుల్లో దోమలై ఎగిరిపోతాయట. రెండేళ్ల పిల్లవాడి మంచానికి నాలుగడుగుల దూరంలో వాటిని పెంచి పోషించింది నేనే. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం తొట్టి ఖాళీ చేసి, గోడలు గుడ్డతో రుద్ది, పూట ఎండబెట్టిగానీ నీళ్లు పోయడం లేదు. దోమ గుడ్లు గోడలకు అంటుకుని ఉంటాయి కాబట్టి నీళ్లు పారబోసి ఊరుకుంటే చాలదు, రుద్దాలి.

ఈ యంత్రానికి మా ఇంట్లో ఏడాదికి ఒక రోజు బహిష్కరణ, అది ఆవకాయ రోజు. తుడిచి ఆరబెట్టిన మామిడి ముక్కలు పరుపు మీద పాత చీరపై పరిచి ఉంటాయి. కారం, ఆవపిండి, ఉప్పు పళ్లాల్లో ఉంటాయి. 2024 మేలో అత్తయ్యగారు వంటింట్లో ఉండగా, పిల్లలు ఉక్కపోస్తోందని గోల చేస్తే చూసుకోకుండా కూలర్ వేశాను. పావుగంటలో ఉప్పు చెమర్చి ముద్దకట్టింది. అత్తయ్యగారు వచ్చి ఉప్పు పళ్లెంలో వేలు పెట్టి, ఒక్క మాటా అనకుండా వెళ్లి ప్లగ్గు పీకారు. ఆ ముక్కలను మళ్లీ ఒక్కొక్కటిగా తుడిచాం, ఉప్పు వేయించాం. అయినా ఆ ఏడాది జాడీలో సెప్టెంబరుకే బూజు కనబడింది. జాడీ మూత తీసినప్పుడల్లా ఆవిడ చూపు ముందు కూలర్ మీద పడేది, తర్వాత నా మీద. అప్పడాలు, వడియాలు, అగ్గిపెట్టె, పిల్లల పుస్తకాలు కూడా కూలర్ ఉన్న గదిలో ఉంచకండి.

కొనేముందు ఎవరూ చెప్పని విషయం ఇంకొకటి ఉంది. పిల్లలు చల్లదనానికి కాదు, ఆ చప్పుడుకు అలవాటుపడతారు. మా ముగ్గురూ ఆ హోరులో తలుపు దబ్బున పడినా కదలరు, కరెంటు పోయి నిశ్శబ్దం అలుముకోగానే ముగ్గురూ ఒక్కసారి లేస్తారు. పెద్దదానికి మొదటి ఏడాది అక్టోబరులో కూడా నీళ్లు లేని కూలర్‌ను గోడ వైపు తిప్పి, తక్కువ వేగంలో నడిపితేగానీ కునుకు పట్టేది కాదు. చిన్నదానికి ఆ అలవాటు రాకుండా చూద్దామనుకున్నాను. చేతకాలేదు.

నంద్యాల, కర్నూలు, అనంతపురం వైపు, తెలంగాణలో పొడి ఎండలు కాసే ఊళ్లలో ఉన్నవాళ్లకు, గదికి ఎదురెదురు కిటికీలుంటే, పసిపిల్లలున్నా ఇది మంచి వస్తువు. కోస్తాలో పగటి పూట సగం ఉపయోగం, రాత్రి పూట ఖరీదైన ఫ్యాను. ఒకే గది, ఒకే కిటికీ ఉన్న ఇంటికి ఎక్కడైనా వద్దు.

మా తమ్ముడి భార్యకు వచ్చే సంక్రాంతికి నెలలు నిండుతాయి, వాళ్లుండేది నంద్యాలలో. మృగశిర కార్తె రాగానే ప్యాడ్లు విప్పి, కడిగి, రెండు రోజులు డాబా మీద ఆరబెట్టాను. ఫిబ్రవరిలో దీన్ని వాళ్లకు పంపించేస్తున్నాం. విరిగిన చక్రం మార్పించాను. రబ్బరు బిరడాను మాత్రం ఈసారి పోకుండా నైలాన్ దారంతో తొట్టికే కట్టేశాను.