ఆరేళ్లు వాయించాక నా ఎలక్ట్రిక్ గిటార్: నెక్ సంగతి, పికప్‌ల సంగతి

నా మొదటి ఎలక్ట్రిక్ గిటార్ నెక్ (ఎడమచేత్తో పట్టుకునే పొడుగాటి భాగం) చాలా పల్చగా ఉండేది. చేతులు చిన్నవి కాబట్టి పల్చటి నెక్ అయితేనే సుఖమని అందరూ చెప్పారు, నేనూ నమ్మాను. పావుగంట వాయిస్తే చాలు, ఎడమచేతి బొటనవేలి మొదట్లో ఉండే కండ పీకడం మొదలయ్యేది. ప్రాక్టీస్ చాలట్లేదేమో అనుకుని ఇంకా ఎక్కువ వాయించాను, నొప్పి ఇంకా పెరిగింది. ఏడాదిన్నర తర్వాత ఒకసారి స్నేహితుడి గిటార్ తీసుకుని రెండు గంటలు వాయించాను. చెయ్యి ఏమాత్రం నొప్పి పుట్టలేదు. తీరా చూస్తే ఆ గిటార్ నెక్ నాదానికంటే లావు.

ఆ తర్వాత కొన్నదే ఇప్పుడు నా దగ్గరున్నది. ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ తరహా బాడీ, మేపుల్ నెక్, దాని మీద వేళ్లు నొక్కే రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డ్, అడ్డంగా 22 ఫ్రెట్లు అనే లోహపు కమ్మీలు. తీగ కంపనాన్ని పట్టి ఆంప్‌కి పంపే పికప్‌లు మూడు: తీగలు బాడీ మీద ఆనే బ్రిడ్జ్ దగ్గర హంబకర్ (రెండు కాయిల్స్‌ది), మధ్యలో ఒకటి, నెక్ దగ్గర ఒకటి సింగిల్ కాయిల్స్. ఆరేళ్లుగా దాదాపు రోజూ వాయిస్తున్నాను. దీన్ని కొన్నది నెక్ చూసి. పికప్‌లు మొదటి ఏడాది నాకు అస్సలు నచ్చలేదు. అయినా ఆ వరసలో ఎంచుకోవడమే మంచిదైందని ఇప్పటికీ అనుకుంటున్నాను.

ముందు నెక్. మొదటి ఫ్రెట్ దగ్గర 21 మి.మీ. మందం, 12వ ఫ్రెట్ దగ్గర 23 మి.మీ., వెనక గుండ్రంగా 'సి' ఆకారం. నా పాత గిటార్‌కి మొదటి ఫ్రెట్ దగ్గర 18 మి.మీ. మాత్రమే ఉండేది. మూడు మిల్లీమీటర్లలో ఏముందనిపిస్తుంది. పెన్నులోంచి రీఫిల్ బయటికి తీసి, ఉత్త రీఫిల్‌తో నాలుగు పేజీలు రాసి చూడండి. వేళ్లు ఎలా పీకుతాయో అప్పుడు తెలుస్తుంది. పల్చటి నెక్‌తో నాకు జరిగింది అదే. అరచేతి గుంటలో ఆనుకోవడానికి ఏమీ ఉండదు, పట్టంతా బొటనవేలూ నాలుగు వేళ్లూ కలిసి చిమటాలా నొక్కడం మీదే ఉంటుంది. నెక్ కాస్త నిండుగా ఉంటే చెయ్యి దాని మీద ఆనుకుంటుంది.

ఇది అందరికీ వర్తిస్తుందని మాత్రం చెప్పను. నాతోపాటు వాయించే ఒకతనికి నా అంత చేతులే, అతనికి పల్చటి నెక్ ప్రాణం. అతను బొటనవేలిని నెక్ వెనక నడిమధ్యలో పెట్టి వాయిస్తాడు. నేను బొటనవేలిని పైకి తెచ్చి, అన్నిటికంటే లావైన ఆరో తీగ అంచు మీద వేలాడేస్తాను. చేతి సైజు కన్నా బొటనవేలు ఎక్కడ ఉంటుందన్నదే అసలు లెక్క అని నా నమ్మకం. మీ బొటనవేలు ఎక్కడుంటుందో చూసుకోకుండా నెక్ ఎంచుకోవద్దు.

ఫ్రెట్‌బోర్డ్ వంపు కూడా చేతికి తెలుస్తుంది. పాత ఫెండర్లకి 7.25 అంగుళాల రేడియస్ ఉండేది, ఇప్పటివాటిలో చాలావాటికి 9.5, గిబ్సన్‌లకి 12. అంకె చిన్నదైతే వంపు ఎక్కువ. వంపు ఎక్కువున్న బోర్డు మీద మొదటి ఫ్రెట్ దగ్గర ఎఫ్ బార్ కార్డ్ (చూపుడువేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కేది) పట్టడం హాయిగా ఉంటుంది, చూపుడువేలు సహజంగానే కొంచెం వంగుతుంది కాబట్టి. కాని తీగలు కిందికి దించుకుని 12వ ఫ్రెట్ పైన గట్టిగా బెండ్ చేస్తే (తీగని పక్కకి లాగి శ్రుతి పెంచితే), తీగ పక్క ఫ్రెట్లకి తగిలి స్వరం మధ్యలోనే చచ్చిపోతుంది. నాది 9.5. మొదటి తీగ ఎత్తు 12వ ఫ్రెట్ దగ్గర 1.5 మి.మీ. పెట్టినప్పుడు, 15వ ఫ్రెట్‌లో ఒకటిన్నర స్వరం లాగితే సరిగ్గా ఇదే జరిగేది. 1.7కి పెంచాక పోయింది. ఆ కాస్త ఎత్తు చేతికి తెలియను కూడా తెలియదు.

స్కేల్ పొడవు, అంటే తీగ మోగే పొడవు గురించి కొత్తవాళ్లు పెద్దగా పట్టించుకోరు, పట్టించుకోవాలి. స్ట్రాట్ తరహావాటికి 25.5 అంగుళాలు, గిబ్సన్ లెస్ పాల్ తరహావాటికి సుమారు 24.75. అవే తీగలు, అదే ట్యూనింగ్ అయితే పొడవు స్కేల్ మీద తీగ బిగువు దాదాపు 6 శాతం ఎక్కువ. నేను మొదట కాస్త లావు తీగల 10-46 సెట్ వేసేవాణ్ణి. రెండో ఏడు సన్నటి 9-42కి మారాను, బెండ్‌లు శ్రుతిలో పడటం ఆ తర్వాతే మొదలైంది. ధ్వని పల్చబడుతుందని భయపడ్డాను కాని ఆంప్‌లో బేస్ కొంచెం పెంచితే సరిపోయింది.

ఇక నెక్ ఫినిష్. కొత్తలో నా నెక్ వెనక మెరిసే గ్లాసీ పూత ఉండేది. చెయ్యి చెమట పడితే బొటనవేలు అతుక్కుపోయేది, కింది నుంచి పైకి జారేటప్పుడు బ్రేక్ పడ్డట్టు ఆగేది. 0000 నంబర్ స్టీల్ వూల్ తెచ్చి వెనకభాగాన్ని నెమ్మదిగా రుద్దాను. మెరుపు పోయి పట్టులాంటి నునుపు వచ్చింది. నిజంగా గిటారే మారిపోయినట్టు అనిపించింది. అయితే ఒక తప్పు చేశాను. పికప్‌ల మీద ఏమీ కప్పలేదు. పని అయ్యాక చూస్తే అయస్కాంతాల మీద సన్నటి ఇనప నూగు గడ్డంలా లేచి నిలబడి ఉంది. తుడిస్తే పోదు, అటునుంచి ఇటు జరుగుతుందంతే. మాస్కింగ్ టేప్ ముక్కని నొక్కి లాగుతూ, మళ్లీ కొత్త ముక్క తీసుకుంటూ గంటకు పైగా కూర్చున్నాను. ఆ నూగు పికప్ లోపలికి పోతే కాయిల్ వైరు పాడయ్యే ప్రమాదం ఉంది. మీరు చేస్తే పికప్‌లని పూర్తిగా టేప్‌తో మూసి చేయండి. లేదా గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్ వాడండి, అందులో ఇనుము ఉండదు కాబట్టి అసలు ఈ గొడవే లేదు.

నాలుగో ఏడు ఒకచోట సెటప్‌కి ఇస్తే ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపుని సరిచేసే లోహపు కడ్డీ) బాగా బిగించి నెక్‌ని పూర్తిగా నిటారుగా చేసి ఇచ్చారు. మొదటి మూడు ఫ్రెట్ల దగ్గర ప్రతి తీగా జరజరమనడం మొదలైంది. చాలా బాధేసింది, అంత బాగున్న నెక్ పాడైపోయిందనుకున్నాను. తర్వాత నేనే నేర్చుకున్నాను. ఆరో తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా ఒకేసారి నొక్కిపట్టి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ మీద తీగకీ ఫ్రెట్‌కీ మధ్య సందు చూడాలి. నాకు 0.25 మి.మీ. దగ్గర బాగుంది. ఒకసారికి పావు చుట్టు తిప్పడం, మళ్లీ ట్యూన్ చేయడం, మళ్లీ చూడటం. తొందరపడకపోతే ఇందులో టెన్షన్ పడాల్సింది ఏమీ లేదు.

పికప్‌ల దగ్గరికి వస్తే, మొదటి ఏడాది నెక్ పికప్ ఎప్పుడూ గుమ్మని మోగేది. ఆరో తీగ మీద 12 దాటి వాయిస్తే ఒకే స్వరం రెండు శ్రుతుల్లో పోట్లాడుకుంటున్నట్టు అదిరేది. పికప్‌లు నాసిరకమని తేల్చేసి, మార్చడానికి సిద్ధమయ్యాను. అంతలో ఒక పెద్దాయన పికప్ ఎత్తు ఎంతుందో కొలిచావా అని అడిగారు. చివరి ఫ్రెట్ నొక్కిపట్టి కొలిస్తే ఆరో తీగకీ అయస్కాంతానికీ మధ్య 1.5 మి.మీ. కూడా లేదు. అంత దగ్గరగా ఉంటే అయస్కాంతం తీగనే లాగేస్తుంది, తీగ స్వేచ్ఛగా ఊగలేదు. పక్క స్క్రూలు తిప్పి పికప్‌ని 2.5 మి.మీ. దూరానికి దించాను, సన్నటి తీగల వైపు 2 మి.మీ. దగ్గర ఆపాను. ఆ పోట్లాట అక్కడికక్కడే పోయింది. శబ్దం కొంచెం తగ్గింది, కాని స్వరానికి గాలి ఆడినట్టైంది. స్క్రూడ్రైవర్‌తో అరగంట పని. ఈ పని చేయకముందు ఎవరూ పికప్ మీద తీర్పు చెప్పకూడదని నాకు గట్టిగా అనిపిస్తుంది.

సింగిల్ కాయిల్స్‌కి హమ్ ఉంటుంది, అది తప్పదు. అయస్కాంతాల చుట్టూ సన్నటి వైరు వేల చుట్లు చుట్టినదే పికప్. తీగ కంపిస్తే కాయిల్‌లో కరెంట్ పుడుతుంది. అదే కాయిల్ చుట్టుపక్కల కరెంట్ లైన్ల గుయ్ శబ్దాన్నీ పట్టుకుంటుంది. 1955లో గిబ్సన్‌లో సెత్ లవర్ పేటెంట్‌కి దరఖాస్తు చేసిన హంబకర్ దీనికి విరుగుడు. రెండు కాయిల్స్‌ని ఎదురెదురు దిశల్లో, ఎదురెదురు అయస్కాంత ధ్రువాలతో పెడితే తీగ ధ్వని కలిసి పెరుగుతుంది, గుయ్ శబ్దం ఒకదానితో ఒకటి కొట్టుకుపోతుంది. నా గిటార్‌లో మధ్య పికప్ కూడా ఇలా తిరగేసి చుట్టినదే, అందుకే నెక్, మధ్య పికప్‌లు కలిసి మోగే స్విచ్ నాలుగో పొజిషన్‌లో హమ్ ఉండదు. విడివిడి స్వరాలుగా మీటే కార్డ్‌లకి నేను ఎప్పుడూ అక్కడే ఉంటాను. గాజు గ్లాసు మీద చెంచాతో తట్టినట్టు ఉంటుంది. ఒక్క నెక్ పికప్‌తో రికార్డ్ చేసేటప్పుడు కంప్యూటర్ ముందు కొంచెం పక్కకి తిరిగి కూర్చుంటాను. ఒక కోణంలో హమ్ సగానికి సగం పడిపోతుంది, ఆ కోణం వెతుక్కోవడమే.

బ్రిడ్జ్ హంబకర్‌ని మాత్రం మూడో ఏడు మార్చేశాను. పాతది సెరామిక్ అయస్కాంతంతో, మీటర్ పెడితే 15 కిలో ఓమ్స్ చూపించేది. డిస్టార్షన్‌లో బ్రహ్మాండంగా ఉండేది, క్లీన్‌లో మాత్రం గొంతు పట్టేసినట్టు ఉండేది. వాల్యూమ్ తగ్గిస్తే దుప్పటి కప్పినట్టే. ఇప్పుడున్నది ఆల్నికో, 8 కిలో ఓమ్స్ దగ్గర. అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ పేర్లు కలిపి ఆల్నికో అంటారు. ఇప్పుడు వాల్యూమ్ 10లో ఉంటే ఆంప్ గర్జిస్తుంది, 5కి తెస్తే అదే ఆంప్ దాదాపు క్లీన్ అవుతుంది, పెడల్ ముట్టుకోనక్కర్లేదు. పిక్‌ని మెత్తగా వేశానా గట్టిగా వేశానా అన్నది వినేవాళ్లకి తెలుస్తోంది. నాకు మంచి పికప్ అంటే ఇదే.

ఇంకా విసిగించేవి కొన్ని ఉన్నాయి. వాల్యూమ్, టోన్ నాబ్‌లు 500 కిలో ఓమ్స్‌వి. హంబకర్‌కి అవే సరైనవి, సింగిల్ కాయిల్స్ మాత్రం కొంచెం చురుగ్గా గుచ్చుకుంటాయి, టోన్ 7 దగ్గర పెట్టుకుంటాను. ట్రెమొలో ఆర్మ్ (బ్రిడ్జ్‌ని కదిలించి శ్రుతి ఊపే కడ్డీ) గట్టిగా వాడితే మూడో తీగ శ్రుతి తప్పేది, నెక్ పైచివర తీగలు ఆనే నట్ గాడిలో పెన్సిల్ పొడి వేశాక చాలావరకు తగ్గింది. కేబుల్ గుచ్చే జాక్ బిగించే నట్ మూణ్ణెల్లకోసారి వదులవుతుంది. పొడి వాతావరణంలో ఫ్రెట్ల అంచులు చేతికి గీసుకుంటాయి, ఒకసారి సన్నటి ఆకురాయితో నున్నగా చేయించాను.

కొత్తగా కొనేవాళ్లు నన్ను అడిగితే, ముందు ఆంప్ లేకుండా అరగంట వాయించమంటాను. అయిదు నిమిషాలకి ఏ నెక్కైనా బాగానే ఉంటుంది, నొప్పి ఇరవయ్యో నిమిషంలో వస్తుంది. కూర్చుని సగంసేపు, స్ట్రాప్ వేసుకుని నిలబడి సగంసేపు. ఎఫ్ బార్ కార్డ్ పట్టి మణికట్టు ఎలా తిరుగుతోందో చూసుకోండి, 12 పైన పూర్తి స్వరం బెండ్ చేసి చూడండి. తర్వాత ఆంప్‌ని క్లీన్‌లో పెట్టి, ఎఫెక్ట్‌లన్నీ ఆపేసి, ఒక్కో పికప్‌నీ వాల్యూమ్ 10లోనూ 5లోనూ వినండి. నెక్ కుదిరి పికప్ కొంచెం నచ్చకపోతే కొనేయండి, పికప్ మార్చడం టంకం పని. పికప్‌లు అద్భుతంగా ఉండి చెయ్యి నొప్పి పెడితే వదిలేయండి. బోల్టులతో బిగించిన నెక్‌ని మార్చుకోవచ్చు, నిజమే, కాని చేతికి సరిపోయేది విడిగా వెతికి పట్టుకోవడం పికప్ వెతుక్కున్నంత తేలిక కాదు.

నా గిటార్‌కి ఇప్పుడు రెండో ఫ్రెట్ నుంచి అయిదో ఫ్రెట్ దాకా, మొదటి రెండు తీగల కింద గుంటలు పడ్డాయి. వచ్చే ఏడాది ఫ్రెట్లు మార్పించాలి. నెక్ వెనకభాగాన్ని మాత్రం ముట్టుకోవద్దని ముందే చెప్పి ఇస్తాను.