పాప పేరుతో గ్రహశకలం సర్టిఫికెట్: ఫ్రేముకు 4 స్టార్లు, పేరుకు సున్నా

అక్క కూతురి మొదటి పుట్టినరోజుకి గౌన్లు, గొలుసులు అందరూ తెస్తారు కదా, కొత్తగా ఏమన్నా ఇద్దామని ఆన్‌లైన్‌లో చూస్తా ఉంటే ఒక యాడ్ తగిలింది, మార్స్‌కీ జూపిటర్‌కీ మధ్య తిరిగే ఒక గ్రహశకలానికి మనం చెప్పిన పేరు పెడతారంట, సర్టిఫికెట్, మ్యాప్, ఫ్రేము అన్నీ కలిపి 1,899 రూపాయలు. కట్టేసినా. కంపెనీ పేరు ఇక్కడ రాయను.

డెలివరీకి వంక పెట్టేదానికి లేదు, అనంతపురానికి ఆరో రోజుకే వచ్చింది, గాజు కూడా పగల్లేదు. ఫంక్షన్‌లో ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకోని చూసినారు, బావ అయితే అప్పుడే స్టేటస్ పెట్టేసినాడు. తిరిగి తిరిగి అది మా పక్కింటి రిటైర్డ్ ఫిజిక్స్ సార్ చేతికి పోయింది. ఆయన బాగా చూసి, నన్ను పక్కకు పిలిచి "ఏమప్పా, ఇది యాడ కొన్నావు?" అన్నాడు. అప్పుడే నాకు తేడా కొట్టింది.

ఆకాశంలో అది ఉండే చోటు అని సర్టిఫికెట్‌లో రెండు అంకెలు అచ్చేసినారు. నక్షత్రమైతే సరే, గ్రహశకలం సూర్యుడి చుట్టూ తిరుగుతా ఉంటాది, దానికి పర్మనెంట్ అడ్రస్ ఏంది? అసలు దాన్ని కనిపెట్టేదే కదలిక చూసి, ఆకాశంలో ఒకే చోటును కొంతసేపు ఆగి ఆగి ఫోటోలు తీస్తే చుక్కలన్నీ ఉన్నచోటే ఉంటాయి, ఒక్కటి మాత్రం జరుగుతాది, అదే ఇది. అంటే వీళ్లు నక్షత్రాలకు పేరు పెడతామని అమ్మే కాగితంలోనే మాట మార్చి నాకు అంటగట్టినారు, మోసం కూడా ఒళ్లొంచి చెయ్యలా! ఇంకోటి, తాత్కాలిక నంబర్ అని 2019 పక్కన ఐ అక్షరం వేసినారు. కనిపెట్టిన నెలను రెండు సగాలు చేసి ఒక్కో సగానికి ఒక ఇంగ్లీషు అక్షరం ఇస్తారంట, ఫిబ్రవరి రెండో సగమైతే డి, అట్లా. అందులో ఐ అసలు వాడనే వాడరు.

నిజంగా పేరు పెట్టేదానికి డబ్బులతో పనే లేదు. ఏళ్ల తరబడి చూసి కక్ష్య లెక్క గట్టిగా తేలినాక పర్మనెంట్ నంబర్ ఇస్తారు, ఆ తర్వాత కనిపెట్టినోళ్లు పేరు చెప్తే అంతర్జాతీయ ఖగోళ సంఘం కమిటీ ఒప్పుకోవాల. ఇంగ్లీషులో 16 అక్షరాలు దాటకూడదు, మా పాపది ఇంటిపేరు లేకుండానే 19. రాజకీయ నాయకుల పేరైతే వాళ్లు పోయి 100 ఏళ్లు కావాల (మన సర్కిళ్లలో విగ్రహాలకు ఆ రూలు ఉంటే ఎంత బాగుండు). 1861లో మద్రాసు నుంచి పాగ్సన్ అనే ఖగోళ శాస్త్రవేత్త కనిపెట్టినదానికి ఏషియా అని పేరు, 1988లో తమిళనాడు కావలూరులో దొరికినది 4130 రామానుజన్, ఎవరూ 1,899 కట్టలా.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "ఇది గిఫ్ట్ ఐటెం మాత్రమే సార్, కింద రాసుంది" అన్నారు. నిజమే, చీమ తలకాయంత అక్షరాల్లో రాసుంది. రిఫండ్ లేదు.

ఫ్రేము మాత్రం మంచి చెక్క, టవర్ క్లాక్ దగ్గర చేయించుకున్నా నాలుగైదు వందలు అడుగుతారు. అక్కకు ఇంకా చెప్పలా, హాల్లో టీవీ పైన మేకు కొట్టి తగిలించేసింది.